ఏలీయాను అడిగిన ప్రశ్న

అప్పటికి రెండు నెలలుగా సరిగా నిద్ర లేదు. ప్రార్థనకు కూర్చుంటే నోరు ఒకచోట, మనసు ఇంకోచోట. ఏం చేయాలో తోచక బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీసి, రోజూ తెల్లవారుజామున అదొక్కటే చదవడం మొదలుపెట్టాను. కర్మెలు కొండ మీద బయలు అనే దేవత ప్రవక్తలు 450 మందికి ఎదురు నిలిచిన ప్రవక్త ఏలీయా, ఇక్కడ యెజెబెలు రాణి బెదిరింపుకు అరణ్యంలోకి పారిపోయి, చెట్టు కింద కూర్చుని చావు కోరుకుంటాడు.

మొదట్లో నా ధ్యాసంతా అతను తర్వాత చేరిన హోరేబు కొండ దగ్గర వచ్చిన గాలి, భూకంపం, మెరుపుల మీదే. నాకూ అలాంటి అనుభవం ఏదో కలుగుతుందని ఎదురుచూశాను. యెహోవా వాటిలో లేడని అక్కడే రాసి ఉన్నా నా కంటికి ఆనలేదు.

రెండో వారం, ఆ చెట్టు కింద ఏలీయా దగ్గరికి వచ్చిన దేవదూత దగ్గర ఆగాను. ఆయన బోధ ఏమీ చేయడు. రొట్టె, నీళ్ళు చూపించి తినమంటాడు. ఏలీయా తిని మళ్ళీ పడుకుంటాడు, ఆయన ఏమీ అనడు. అది చదివి ఏడ్చేశాను. ఆ వారమంతా పెందలాడే పడుకున్నాను.

తర్వాత, “ఏలీయా, ఇచ్చట నీవేమి చేయుచున్నావు?” అని హోరేబులో దేవుడు అడిగిన ప్రశ్నకు నా జవాబు రోజూ నోటుబుక్కులో రాశాను. మూడు వారాలయ్యాక తిరగేస్తే ప్రతి పేజీలో దాదాపు ఒకే వాక్యం: ఇంటి భారమంతా నేనొక్కదాన్నే మోస్తున్నాను. గబగబా అధ్యాయం తీసి చూశాను. పదో వచనంలో ఏలీయా చెప్పిన జవాబే పద్నాలుగులోనూ ఉంది. మధ్యలో గాలి కొండల్ని చీల్చింది, నేల కంపించింది, “మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము” వినబడింది. అయినా మళ్ళీ అదే పాఠం అప్పజెప్పాడు, తానొక్కడే మిగిలానని. ఇన్నేళ్ళూ చదివి కూడా నేనది గమనించలేదు. బయలుకు మోకాళ్ళూనని 7,000 మంది సంగతి ఆ తర్వాతే వస్తుంది.

ఆ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేశాను. అమ్మ ఆరోగ్యం గురించి తనకూ రాత్రుళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదట. నన్ను ఇంకా కంగారు పెట్టడం ఎందుకని చెప్పలేదట.

ఏలీయా విన్న ఆ స్వరాన్ని హీబ్రూ మూలంలో మాటకు మాటగా చూస్తే “సన్నని నిశ్శబ్దపు స్వరం” అనే అర్థం వస్తుంది. ఇప్పటికీ తెల్లవారుజామున ఆ ప్రశ్న ముందు కూర్చుంటాను. కొన్ని రోజులు నోటుబుక్కులో ఏమీ రాయను.