ఉట్నూరు లడ్డు

ఇప్పపువ్వు అనగానే మనలో చాలామందికి సారానే గుర్తొస్తుంది, నాకూ అంతే. మొన్న ఆదిలాబాద్ వైపు వెళ్లినప్పుడు ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం చేసే ఇప్పపువ్వు లడ్డు తిన్నాక ఆ ఆలోచన మారింది.

మార్చి, ఏప్రిల్‌లో పువ్వులు రాత్రంతా రాలుతుంటే, తెల్లారకముందే గంపలు పట్టుకుని చెట్ల కిందికి పోతారు. ఎండబెట్టి, లోపలి కేసరాలూ మట్టీ ఓపిగ్గా ఏరి, వేయించి, పల్లీలు, నువ్వులు, బెల్లంతో కలిపి ఉండలు కడతారు. కొరకగానే కాస్త వగరు, తర్వాత కిస్‌మిస్ లాంటి తీపి. "ఇంకోటి తిను తమ్మీ, మత్తెక్కదులే" అని ఒక అక్క నవ్వింది.

నాకు రుచి కన్నా వాళ్ల లెక్క నచ్చింది. అదే పువ్వును సంతలో కిలోల్లెక్కన అమ్మితే ధర చెప్పేది వ్యాపారి, లడ్డు చేసి డబ్బాకెత్తితే ధర వేసేది వీళ్లే. ఐటీడీఏ (సర్కారు గిరిజనాభివృద్ధి సంస్థ) ఆశ్రమ పాఠశాలల పిల్లలకు కూడా ఈ లడ్డూలు పెడుతున్నారు. మంచిదే, కానీ ఒక్క సర్కారు ఆర్డరు మీదే ఆధారపడితే అది ఆగిన నెల టెన్షనే కదా? బయట కొనేవాళ్లూ పెరగాలి.

నేనైతే రెండు డబ్బాలు తెచ్చా, ఒకటి బస్సులోనే అయిపోయింది.