ఆకులతో నడిచే బయోగ్యాస్ తొట్టి

బయోగ్యాస్ అనగానే అందరికీ పేడే గుర్తొస్తుంది. మా పెరటి తొట్టికి నేను వేసేది మాత్రం కోసిన గడ్డి, రాలిన ఆకులు, కూరగాయల తొక్కలు. ఆకులతో గ్యాస్ వస్తుందా అని చాలామంది అనుమానంగా అడుగుతారు. 1776లో ఇటలీలోని మజోరె సరస్సు ఒడ్డున బురదను కలియబెట్టి శాస్త్రవేత్త వోల్టా పట్టుకున్న మండే గాలి ఎక్కడిది? నీటి అడుగున గాలి తగలకుండా కుళ్లిన మొక్కలదే. మనం చేసేదల్లా ఆ బురదను మూత ఉన్న తొట్టిలోకి తేవడమే.

అయితే పేడ తొట్టిని నడిపినట్టు దీన్ని నడపకూడదు. పేడంటే అప్పటికే పశువు నమిలి, కడుపులో నానబెట్టి, సగం అరిగించిన మేత. బయోగ్యాస్‌లో మండే వాయువైన మీథేన్‌ను తయారుచేసే సూక్ష్మజీవులు కూడా దానితోనే వస్తాయి. పచ్చి ఆకుకు ఆ నమలడం జరగలేదు, ఆ జీవులూ దానిలో సరిపడా ఉండవు. అందుకే నేను ఏది వేసినా సన్నగా తరిగే వేస్తాను. మొదలుపెట్టేటప్పుడు మాత్రం పేడ గానీ, బాగా నడుస్తున్న వేరే తొట్టిలోని చిక్కటి ద్రవం, అంటే స్లర్రీ గానీ తప్పనిసరి.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది రోజూ ఎంత వేస్తున్నామన్నది. లోపల ఒక గుంపు బ్యాక్టీరియా ఆకులోని పిండిని, చక్కెరలను విరగ్గొట్టి ఆమ్లాలుగా మారుస్తుంది. ఆ ఆమ్లాలను ఇంకో గుంపు ఎసిటిక్ ఆమ్లంగా, హైడ్రోజన్‌గా మారిస్తే, చివరివాళ్లు వాటితో మీథేన్ చేస్తారు. ఆమ్లం చేసేవి గంటల్లో రెట్టింపవుతాయి, మీథేన్ చేసేవాటికి రోజులు పడుతుంది. పండ్ల తొక్కలు ఒక్కసారే బోలెడు కుమ్మరిస్తే ఆమ్లం పేరుకుంటుంది. పీహెచ్ (ఇది ఎంత తగ్గితే అంత ఆమ్లం ఎక్కువని అర్థం) 6.5 కంటే కిందికి జారితే మీథేన్ చేసేవి చతికిలబడతాయి. నేను లిట్మస్ కాగితం కంటే ముందు ముక్కునూ మంటనూ నమ్ముతాను. స్లర్రీ పుల్లటి వాసన కొట్టినా, మంట నిలవకుండా ఆరిపోతున్నా ఇక మేత ఆపేయడమే. వాటంతటవి తేరుకునేదాకా ఏమీ వేయకూడదు. కొంచెం కొంచెం రోజూ వేసే తొట్టికి ఈ జబ్బు అరుదు.

కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి 20 నుంచి 30 మధ్య ఉంటే మంచిది. ఎండుటాకుల్లో, ఎండుగడ్డిలో కార్బన్ మరీ ఎక్కువ, లేత పచ్చగడ్డిలో నైట్రోజన్ ఎక్కువ. రెండూ కలిపేస్తే సరిపోతుంది, లెక్కలు కట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు.

పుల్లలు, బెరడు మాత్రం వేయను. కర్రను గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్‌ను విరగ్గొట్టడంలో దిట్టలు శిలీంధ్రాలు, వాటికి ఆక్సిజన్ కావాలి. గాలి ఆడని తొట్టిలో అది నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. పుల్లలకు కంపోస్టు గుంటే సరైన చోటు.

ఇంకో తలనొప్పి తెట్టు. గుల్లగా ఉండే కాడలు పైకి తేలి, చాపలా అల్లుకుని గ్యాస్‌కు దారి మూసేస్తాయి. నేను పొద్దునా సాయంత్రం కలియబెడతాను. 35 డిగ్రీల వేడి దగ్గర తొట్టి హుషారుగా పనిచేస్తుంది, చలి రోజుల్లో మందగిస్తుంది కాబట్టి అప్పుడు మేత తగ్గించాలి.

కొత్తగా కట్టుకునేవాళ్లకు రెండు మాటలు తప్పకుండా చెప్తాను. మొదట వచ్చే గ్యాస్‌లో తొట్టిలోని గాలి కలిసి ఉంటుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే నిప్పు తగిలి పేలుతుంది కాబట్టి దాన్ని వెలిగించకుండా, ఇంటికి దూరంగా బయటికి వదిలేయండి. రెండోది, శుభ్రం చేయడానికి ఎంత అవసరమనిపించినా తొట్టిలో తల పెట్టొద్దు, లోపలికి దిగొద్దు. కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు. వాసన లేదు కదా, ప్రమాదం లేదనుకోవద్దు.