కాగితపు స్పిట్‌ఫైర్‌కి తలుపు తెరిచాను

రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌ని, కాగితపు ముక్కలు కోసి అతికించే కిట్‌తో మోడల్‌గా చేశాను. కిట్‌లో ఇచ్చిన కాక్‌పిట్ (పైలట్ కూర్చునే చోటు) అంటే ఒక నల్ల ముక్క మీద అచ్చేసిన తెల్ల గుండ్రాలు, అంతే. 1:33 స్కేలులో, అంటే అసలు సైజులో 33వ వంతుగా, స్పిట్‌ఫైర్ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 34 సెంటీమీటర్లు వస్తాయి, అంత మోడల్ చేసి లోపల బోసిగా వదిలేయడానికి మనసొప్పలేదు. అసలు విమానంలో పైలట్ ఎక్కడానికి ఎడమ పక్కన కిందికి తెరుచుకునే చిన్న తలుపు ఉంటుంది. దాన్ని తెరిచిపెట్టి లోపలంతా కనిపించేలా చేద్దామనుకున్నాను.

బాడీ చుట్టి అతికించేశాక తలుపు కోయబోవడం నేను చేసిన తప్పు. బ్లేడు ఆనించగానే కాగితం లోపలికి నొక్కుకుపోయింది, ఆ ముక్క ఇక పనికిరాలేదు, చాలా బాధేసింది. కోతలు మొదలుపెట్టకముందే పేజీలన్నీ స్కాన్ చేసుకున్నాను కాబట్టి 160 జీఎస్ఎం (చదరపు మీటరుకి 160 గ్రాముల బరువుండే) కాగితం మీద మళ్ళీ ప్రింట్ తీశాను, జిగురు తడికి ఇంక్‌జెట్ రంగు కారకుండా పల్చగా మ్యాట్ వార్నిష్ కొట్టాను. ఈసారి కాగితం బల్ల మీద చదునుగా ఉండగానే కొత్త బ్లేడుతో తేలిగ్గా నాలుగైదు సార్లు గీసి తలుపు విడదీశాను. ఆ కాగితం మందం 0.2 మిల్లీమీటర్లే అయినా ఈ స్కేలులో అది దాదాపు 7 మిల్లీమీటర్ల రేకుతో సమానం, అందుకే తలుపు అంచుల్ని లోపలివైపు నుంచి సన్నటి ఉప్పుకాగితంతో అరగదీసి, తెల్లగా కనబడకుండా రంగు పూశాను. తలుపు తీసేసిన చోట బాడీ మెత్తబడుతుంది, లోపల చుట్టూ సన్నటి పట్టీ అతికిస్తే గాని చుట్టేటప్పుడు గుండ్రం నిలవలేదు.

నాకు బాగా నచ్చిన పని డయల్స్. ఆ కాలపు బ్రిటిష్ విమానాల్లో ముఖ్యమైన ఆరు డయల్స్ మూడేసి చొప్పున రెండు వరుసల్లో ఉండేవి, ఒక్కోటి ఈ స్కేలులో సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. తోలుకి రంధ్రాలు చేసే పంచ్‌తో పై పొరకి ఆరు రంధ్రాలు చేసి, వెనక డయల్స్ అచ్చేసిన కాగితం అతికించి, ఒక్కో రంధ్రంలో సూది మొనతో తెల్ల జిగురు చుక్క వేశాను. ఆరేసరికి అచ్చం అద్దంలా మెరిసింది! సీటు బెల్టులకి మామూలు 80 జీఎస్ఎం కాగితమే మేలు, కొంచెం తడిపి వేలితో నలిపితే గుడ్డలా వాలుతుంది.

ఇంకోటి, స్టిక్ (పైలట్ విమానాన్ని నడిపే కర్ర) నిటారుగా అతికించాక గుర్తొచ్చింది, తోకలో ఎలివేటర్లు (విమానం ముక్కుని పైకీ కిందికీ తిప్పే కదిలే రెక్కలు) కోసి కిందికి వంచి పెట్టానని. స్టిక్ ముందుకి వాలితేనే అవి కిందికి దిగుతాయి. పట్టకారుతో జాగ్రత్తగా ఊడదీసి, ముందుకి వాల్చి మళ్ళీ అతికించాను.