ఉప్పుటేటి పడవ పొగకు మడచెట్ల బదులు: ఇప్పటివరకు జరిగిన పని

కృష్ణపట్నం వద్ద సముద్రంలో కలిసే కండలేరు ఉప్పుటేటిలో, ఓడరేవుకు బాగా ఎగువన, సెలవు రోజుల్లో నేను పదహారు అడుగుల ఫైబరు పడవ నడుపుతాను. దాని వల్ల గాలిలో చేరే కార్బన్ డయాక్సైడును లెక్కగట్టి, తగ్గించగలిగినంత తగ్గించి, మిగిలినదానికి మడచెట్లతో బదులు తీర్చాలని మొదలుపెట్టిన పని ఎంతవరకు వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. వల వేసి బతికేవారి ఇంజను పొగను, వినోదానికి తిరిగే నా ఇంజను పొగను ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అందుకే నా లెక్క గట్టిగా ఉండాలని కోరుకుంటున్నాను.

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల, లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. కనుక పడవ తిరిగిన గంటలను కాక, పోసిన లీటర్లనే రాసుకుంటున్నాను. పడవను నెల్లూరు నుంచి ట్రైలరు మీద లాక్కువెళ్లే కారు డీజిలును కూడా అదే పద్దులో చేర్చాను. కారు తాగేది పడవ తాగేదానికన్నా ఎక్కువని తేలడంతో, పడవను ఏటి ఒడ్డు ఊరిలోనే ఒక పాకలో ఉంచి, మేము బస్సులో వెళ్లి వస్తున్నాము. మిగతా మార్పులన్నీ కలిసినా ఈ ఒక్కదాని పొదుపుకు సాటిరావు.

పాత టూ స్ట్రోక్ ఇంజనును మార్చి ఫోర్ స్ట్రోక్ బిగించాను. కార్బురేటర్ ఉన్న టూ స్ట్రోక్ ఇంజన్లలో ఇంధనంలో నాలుగో వంతు దాకా కాలకుండానే పొగతోనూ నీటిలోనూ పోతుంది. వేగం విషయం ఇంకా ముఖ్యమైనది. ఇలాంటి పడవకు కావలసిన శక్తి దాదాపు వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, వేగం అయిదో వంతు తగ్గిస్తే శక్తి సగానికి తగ్గుతుంది, అదే దూరానికి అయ్యే ఇంధనంలో మూడో వంతుకు పైగా మిగులుతుంది. పోటు మీద ఎగువకు వెళ్లి, పాటు మీద దిగువకు వస్తే ఇంకొంత కలిసివస్తుంది. అడుగున అంటిన గుల్లలనూ నాచునూ గీకి కడగడం ప్రతి నెలా చేస్తున్నాను.

ఇక బదులు తీర్చే పని. ఇక్కడ చాలామంది సరుగుడు వేయమన్నారు. మన తీరపు ఇసుకలో అది చక్కగా ఎదుగుతుంది గాని, నాలుగైదేళ్లకే నరికి కాగితపు గుజ్జుకో పొయ్యికో పంపుతారు. అందులో చేరిన కార్బన్ మళ్లీ గాలిలోకే వెళ్తుంది. కాబట్టి నా పద్దులో దానికి చోటు లేదు. మడచెట్టును నరకకుండా వదిలితే దాని కలపలోనే కాక, వేళ్ల కింద గాలి ఆడని బురదలో కూడా కార్బన్ ఎంతో కాలం నిలుస్తుంది.

1994లో తెల్లమచ్చ తెగులు వచ్చాక వదిలేసిన రొయ్యల గుంటలు జిల్లా తీరంలో చాలా ఉన్నాయి. అటువంటి ఒక గుంట కట్టల వల్ల పోటునీరు లోపలికి రాక, నేల ఉప్పు తేలి బీడయింది. అటవీశాఖ అనుమతి, ఊరివారి ఒప్పుదల తీసుకొని, స్వామినాథన్ పరిశోధన సంస్థ మన తీరాల్లో అమలుచేసిన చేపముల్లు కాలువల పద్ధతిని అనుసరించాము. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వి, వాటి వాలు మీద మొక్కలు నాటాలి. ఈ తీరంలో పోటుపాట్ల తేడా సుమారు మీటరుకు మించదు. అందుచేత కాలువ లోతు జానెడు తప్పినా మొక్క మునగడమో ఎండడమో జరుగుతుంది. ఏటిలో పీతలు పట్టే యానాదులు నీరు ఎక్కడివరకు ఎక్కుతుందో కర్ర పాతి చూపారు. తవ్వకం కూలి కూడా వారికే ఇచ్చాము.

తెల్లమడ గింజలను ఒక రాత్రి నీళ్లలో నానబెడితే పైపొర ఊడుతుంది. ఏటిబురద నింపిన సంచుల్లో వాటిని పెట్టి, మొదట చప్పనీరు, తరువాత కొద్దికొద్దిగా ఉప్పు పెంచిన నీరు పోశాము. మేకలకు తెల్లమడ ఆకు ఎంతో ఇష్టం. చుట్టూ సర్కారు తుమ్మ కంప వేయకపోతే ఒక్క మొక్కా మిగలదు.

నాటిన మొక్కలను నేను జమలో రాయడం లేదు. ఛాతీ ఎత్తున అయిదు సెంటీమీటర్ల అడ్డుకొలతకు చేరిన మడచెట్టు నేలపై భాగం ఎండు బరువు మడచెట్లకు వాడే సాధారణ సూత్రం ప్రకారం సుమారు ఎనిమిదిన్నర కిలోలు. అందులో దాదాపు సగం కార్బన్, దాన్ని 3.67తో గుణిస్తే కార్బన్ డయాక్సైడు సుమారు 15 కిలోలు. ఏళ్ల తరబడి ఎదిగిన చెట్టు తీర్చేది ఆరు లీటర్ల పెట్రోలు మాత్రమే! వేళ్లు, బురద కొలవడం నాకు సాధ్యం కాదు కనుక వాటిని కలపలేదు. ప్రస్తుతం జమ సున్నా, ఖర్చు మాత్రం నడుస్తోంది. అందుకే తగ్గించడంపైనే ఎక్కువ పట్టుదల పెట్టాను.

తరువాతి అడుగు విద్యుత్ మోటారు. 48 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ నింపడానికి అయిదు యూనిట్ల దాకా అవుతుంది; మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడు చొప్పున అది లీటరున్నర పెట్రోలుతో సమానం. కిలోవాటు మీద నెమ్మదిగా నడిపితే ఆ బ్యాటరీ నాలుగు గంటలు నిలవాలి. ఈశాన్య వానలు తగ్గాక, ఉప్పునీటికి తుప్పుపట్టని పెట్టె చేయించి, దాన్ని పడవ నడుమ బల్ల కింద అమర్చి చూస్తాను.