హైలాండ్స్‌లో మొదటి మధ్యాహ్నం: బెంగళూరు నుంచి వెళ్లేవాళ్లకి

స్కాట్లాండ్‌లో 914 మీటర్లు దాటిన శిఖరాన్ని మన్రో అంటారు. మన బెంగళూరే దాదాపు 920 మీటర్ల మీదుంది. ‘ఓస్, ఇంతేనా’ అనుకున్నారో, దెబ్బతిన్నట్టే. నంది కొండ మీద తెల్లవారుజామున వణికించే గాలికి అక్కడిది పెద్దన్న.

సెలవు మొదలైన రోజుకి ఏవీమోర్ ఊరి దగ్గరి మ్యల్ ఎ వూఖల్యె కొండ చాలు, ఎత్తు 810 మీటర్లు. గ్లెన్‌మోర్ నుంచి ఆకుపచ్చ నీళ్ల సరస్సు మీదుగా రైవోన్ గుడిసె, అక్కడ ఎడమకి తిరిగితే నిట్టనిలువు మెట్ల దారి. శిఖరం దాటి పడమర కనుమలోకి దిగి, అడవి గుండా వెనక్కి.

టైం లెక్కకి 1892 నాటి నైస్మిత్ సూత్రం ఉంది: 5 కిలోమీటర్లకి గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. ఇక్కడ సుమారు 9 కిలోమీటర్లు, 500 మీటర్ల ఎక్కుడు. అంటే రెండున్నర గంటలు పైమాటే. మధ్యలో ఆగడం, ఫొటోలు కలిపి నాలుగు వేసుకోండి. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురుంటుంది, సమస్య చీకటి కాదు, నిద్ర. వేసవిలో అక్కడి సాయంత్రం ఐదంటే మన ఒంటికి రాత్రి తొమ్మిదిన్నర. మోకాళ్లు తడబడేది దిగేటప్పుడే.

జీన్స్, కాటన్ టీషర్ట్ వద్దు. తడిస్తే ఆరవు, ఒంటి వేడి లాగేస్తాయి. గాలి ఆగితే మిడ్జీలనే కుట్టే చిన్న పురుగులు ముసురుతాయి, మన దోమలే నయం. ఫోన్ సిగ్నల్ నమ్మకండి, కాగితం మ్యాపు, దిక్సూచి, విజిల్ ఉండాలి. ఆపదలో నిమిషానికి ఆరు ఈలలు. సిగ్నలుంటే 999 కొట్టి ముందు పోలీసుల్ని, తర్వాత మౌంటెన్ రెస్క్యూని అడగాలి.

పులిహోర పొట్లం మాత్రం శిఖరం మీద విప్పకండి, గాలికి మెతుకు మిగలదు. గుడిసెలో తినేయండి.