పాట వంతు వచ్చేసరికి

రాత్రి పదకొండున్నర. ఇల్లంతా పడుకుంది. నాకే నిద్ర రావడం లేదు. కారణం చెప్తే నవ్వుతారు. నిన్న పేరంటంలో ఒకావిడ అన్న మాట ఇంకా చెవిలో గుయ్యిమంటోంది.

"మీరు రాస్తారట కదండీ! అయితే పాడతారు కూడా. కానివ్వండి, ఒక మంగళహారతి."

రాసేవాళ్ళు పాడాలని ఎక్కడుంది? వంట వచ్చినవాళ్ళందరికీ ఈత రావాలన్నట్టుంది వరస.

శ్రావణ శుక్రవారం కదా, వ్రతం అంతా బాగానే జరిగింది. పూర్ణాలు కూడా బాగా కుదిరాయి, ఆ మాట ఒప్పుకోవాలి. హారతి వెలిగించాకే అసలు గండం. "మీరు పాడండి వదినగారూ." "అయ్యో, నాకేం వచ్చండీ, మీరే పాడాలి." "మీరున్నచోట నేనా?" ఇలా కాసేపు బేరం నడుస్తుంది. రాదు రాదన్న మనిషే చివరికి ఐదు చరణాలూ అందుకుంటుంది. ఈ తంతులో నాలాంటిదాని బాధ ఎవరికీ అర్థం కాదు. నాకు నిజంగానే రాదు. కానీ రాదు అనడం కూడా పాటలో భాగమే అయిపోయింది, పల్లవికి ముందు రాగం తీసినట్టు. కాబట్టి ఎవరూ నమ్మరు. పైగా నిన్న ఒకమ్మాయి ఫోను నా మొహానికెదురుగా పట్టుకుని రెడీగా కూర్చుంది.

గొంతు బాగోలేదని చెప్పి వంటింట్లోకి పోయి, ఎవరూ అడగని గిన్నెలు తోమాను. హాల్లోంచి అత్తయ్య గొంతు వినపడింది. "మా కోడలికి అన్నీ వచ్చు, నోట్లో పాట ఒక్కటే లేదు." అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆవిడే పాడారు. ఎంత బాగా పాడారంటే, కోపంగా ఉండటం కూడా కుదరలేదు. అదీ నా ఖర్మ.

ఇవాళ విట్బీ వెళ్ళాం, ఇంగ్లండులో సముద్రం ఒడ్డు ఊరు. నెల నుంచీ అనుకుంటున్నదే. ఆ ఊరు పేరు చెప్పగానే అందరూ రెండు పేర్లు చెప్తారు. ఒకటి నావికుడు కెప్టెన్ కుక్. ఆయన అక్కడ పుట్టలేదు. 1746లో, పద్దెనిమిదేళ్ళప్పుడు, ఓడల యజమాని జాన్ వాకర్ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చాడు. తర్వాత ఆయన ప్రపంచం చుట్టి వచ్చిన ఎండెవర్ అనే ఓడ కూడా విట్బీలో కట్టిందే, అసలు బొగ్గు మోయడానికి. "బొగ్గులారీలో ఆస్ట్రేలియా వెళ్ళాడా?" అంది మా చిన్నది. దాదాపు అంతే. రెండో పేరు డ్రాకులా, నవల్లో రక్తం తాగే దెయ్యం. అది రాసిన బ్రామ్ స్టోకర్ 1890 వేసవిలో ఇక్కడ దిగి, ఊరి లైబ్రరీలో ఒక పాత పుస్తకంలో ఆ పేరు పట్టుకున్నాడట. దాంతో ఊరు ఊరంతా కోరల బొమ్మలే. కాళ్ళదాకా నల్లగౌన్లు వేసుకుని, ఎండలో ఐస్‌క్రీమ్ తింటున్న ఇద్దరు అమ్మాయిల్ని చూసి అత్తయ్య "పాపం, ఎవరైనా పోయారా?" అన్నారు.

హెన్రీ ఫ్రీమన్ అని ఇంకో మనిషి ఉన్నాడు. 1861 ఫిబ్రవరి 9న తుఫానులో, మునిగేవాళ్ళని కాపాడే లైఫ్‌బోటు తిరగబడి పదముగ్గురిలో పన్నెండుమంది పోయారు. కొత్తరకం కార్క్ జాకెట్ వేసుకున్న ఫ్రీమన్ ఒక్కడే మిగిలాడు. ఆ పన్నెండుమందీ పోయిన ఊళ్ళోనే ఉండి, మళ్ళీ అదే పడవ పని చేశాడు. అతని గురించి ఎప్పుడైనా విడిగా రాయాలి. ఇవాళ నా కోపం వేరే.

కొండమీది చర్చికి 199 మెట్లు. పైదాకా కారు వెళ్ళే దారి వేరే ఉంది. కానీ ఈయన సంగతి మీకు తెలిసిందేగా, పార్కింగ్ చవగ్గా దొరికిందని ఏటికి అవతల ఆపారు. అత్తయ్య మోకాళ్ళ గురించి ఒక్క మాట అనబోతే, ఆవిడే "తిరుపతి మెట్లెక్కినదాన్ని, ఇవెంత" అని చెంగు దోపి, గోవింద గోవింద అంటూ మొదలెట్టారు. మధ్యమధ్యలో కూర్చోవడానికి బల్లలుంటే, ఒకదాని మీద హాయిగా చేరగిలబడ్డారు. అవి పూర్వం శవపేటికలు మోసేవాళ్ళు బరువు దించుకోవడానికి పెట్టుకున్నవని నాకు తెలుసు. నోరు మూసుకుని ఊరుకున్నాను. చిన్నది ఊరుకుంటుందా! ఫోన్లో చూసి గట్టిగా చదివేసింది. ఆ తర్వాత మెట్లన్నీ అత్తయ్య కూర్చోకుండా రామ రామ అంటూ నాకంటే ముందే ఎక్కేశారు.

పైన మెట్లవగానే ఒక రాతి శిలువ ఉంటుంది. ఇరవై అడుగులు ఉంటుందేమో. 1898లో పెట్టింది. పక్కనుంచి జనం అబ్బే, అంటే పాత మఠం, ఫొటోల కోసం పోతూనే ఉన్నారు, దాని మొహం చూసేవాళ్ళు లేరు. నేను మాత్రం ఊపిరి తీసుకునే మిషతో ఆగాను. రాతిలో నలుగురు ఉన్నారు, ఒకరి కింద ఒకరు. అడుగున ఉన్నవాడు పశువుల కాపరి. పేరు కాడ్మన్. ఇంగ్లీషు కవుల్లో మనకి పేరు దొరికిన మొట్టమొదటివాడు. దగ్గర్లోనే కన్నుమూశాడని, 680 అని రాసుంది.

ఈయన కథ బీడ్ అనే సన్యాసి 731లో రాసిపెట్టాడు. అప్పట్లో ఈ కొండమీద హిల్డా అనే ఆవిడ మఠం నడిపేది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ ఉండే మఠం. అందరూ ఆవిడని అమ్మా అనే పిలిచేవారట. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళలో ఐదుగురు బిషప్పులయ్యారు. ఆ మఠంలోనే కాడ్మన్‌ది పశువుల దగ్గర పని. విందుల్లో తిన్నాక తాగాక సరదాకి హార్ప్ అనే తీగల వాద్యం చేతులు మారుతూ వచ్చేది. ఎవరి దగ్గరికి వస్తే వాళ్ళు పాడాలి. అది తనవైపు వస్తోందని కనపడగానే కాడ్మన్ లేచి ఇంటికి పోయేవాడు. ప్రతిసారీ.

చదువుతూ అక్కడే నవ్వేశాను. పదమూడు వందల ఏళ్ళ కిందట, ఈ చలిగాలిలో, నా చుట్టం ఒకడున్నాడు! హారతి పళ్ళెం దగ్గరికొస్తుంటే వంటింట్లోకి జారుకున్న జాతి. పైగా ఒక రాత్రి అలా లేచిపోయి (ఆ అర్థంలో కాదు, నవ్వకండి) ఎక్కడికెళ్ళాడనుకున్నారు? పశువుల పాకలోకి.

నేనూ అక్కడికే వెళ్ళాను, పదేళ్ళప్పుడు. అమ్మమ్మ వాళ్ళూళ్ళో దసరాకి, బొమ్మల కొలువు పేరంటం. వరసగా పిల్లలందరిచేతా పాడిస్తున్నారు. మా పిన్ని కూతురు అప్పటికే సంగీతం నేర్చుకుంటోంది, చెయ్యి తొడమీద వేసి తాళం కూడా వేస్తోంది. నా వంతు ఇంకో ఇద్దరి తర్వాత. జంపఖానా మీద మెల్లిగా వెనక్కి జరిగి, జరిగి, పెరటి గుమ్మంలోంచి సావిడిలోకి పరిగెత్తాను. కొత్త పావడా, పట్టుది. గేదె పక్కన తవుడు గోనె మీద కూర్చున్నాను. చీకటి. పేడ వాసన, చిట్టు వాసన. గేదె నన్ను ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా, మళ్ళీ నెమరు వేసుకోవడం మొదలెట్టింది. దవడ ఒక పక్కకి వెళ్ళి, ఆగి, ఇంకో పక్కకి వచ్చేది. మెడలో చెక్కగంట దానికి తగ్గట్టు టక్కుమనేది. లోపల ఆడవాళ్ళ పాటలు దూరంగా వినపడుతున్నాయి. అంత సుఖంగా నేను మళ్ళీ ఏ పేరంటంలోనూ కూర్చోలేదు.

లాంతరు పట్టుకుని అమ్మమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నా. "పాడకపోతే మానె, ఇవి తిను" అని కొంగుముడిలోంచి శనగలు తీసి నా ఒళ్ళో పోసి వెళ్ళిపోయింది. పావడాకి తవుడంటిందని అమ్మ మాత్రం మర్నాడు బాగా వడ్డించింది.

సరే, కిందకి దిగాక దుకాణాలు చూశాం. విట్బీలో దొరికే నల్లరాయి, జెట్ అంటారు, ఆ పూసల దండ చూసి అత్తయ్య "ఇక్కడా నల్లపూసలు ఉన్నాయే!" అని మురిసిపోయారు. భర్త పోయాక విక్టోరియా రాణి దుఃఖానికి గుర్తుగా ఇలాంటివి పెట్టుకుందని, అప్పటినుంచే వీటికి అంత గిరాకీ వచ్చిందని దుకాణం ఆవిడ చెప్తే చెయ్యి కాలినట్టు వెనక్కి పెట్టేశారు. పక్క కొట్లో రాతిచుట్టలు. హిల్డా పాముల్ని రాళ్ళు చేసిందని ఊళ్ళో కథ. ఆ కథ కోసం పూర్వం వాటికి పాముతలలు కూడా చెక్కి అమ్మేవాళ్ళట. అత్తయ్య ఒకటి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కళ్ళకద్దుకున్నారు. "సాలగ్రామం." నిజమే, రెండూ ఒక జాతి శిలాజాలే. గండకీ నదిలో దొరికేదే ఈ సముద్రం ఒడ్డునా దొరుకుతోంది. కొందామా అన్నాను. "వద్దులే. ఇంట్లో పెడితే రోజూ నైవేద్యం ఉండాలి. నీవల్ల కాదు."

చూశారా!

కారులో కాడ్మన్ కథ చెప్పాను, నాకొక తోడు దొరికాడన్న ధీమాతో. మిగతా కథ ఇదీ. పాకలో పడుకుంటే కలలో ఎవరో పక్కన నిలబడి, పేరు పెట్టి పిలిచి, నాకేదైనా పాడు అన్నాడు. నాకు రాదు, అందుకే విందులోంచి వచ్చేశాను అన్నాడు కాడ్మన్. అయినా సరే, నాకు పాడాలి. ఏం పాడను? సృష్టి మొదలు గురించి పాడు. అంతే, ఎన్నడూ వినని మాటలు వచ్చేశాయి. పొద్దున్న లేచేసరికి అన్నీ గుర్తున్నాయి.

వెనక సీట్లోంచి అత్తయ్య: "మన కాళిదాసు కథే. అమ్మవారు నాలుక మీద రాసింది." ఒక క్షణం ఆగి, "చూశావా, గట్టిగా అడిగితే పాడాడు."

ఈయన స్టీరింగ్ వెనక నవ్వు దాచుకోవడం నాకు కనపడింది.

దారంతా అదే తొలిచింది. నా చుట్టమనుకున్నవాడు తీరా చూస్తే వాళ్ళ పార్టీ! ఆ కలలోకి వచ్చినవాడికీ నిన్నటి ఆవిడకీ తేడా ఏముంది? రాదంటే వినరు. అయినా సరే, కానివ్వండి. ఆ తర్వాత కాడ్మన్ గతి చూడండి. పొద్దున్నే పైఅధికారి దగ్గరికి, అక్కణ్ణుంచి హిల్డా దగ్గరికి. పండితులు కూర్చుని పరీక్ష పెట్టారు, ఒక బైబిలు ఘట్టం చెప్పి దీన్ని పాట కట్టుకు రమ్మన్నారు. కట్టుకొచ్చాడు. మఠంలో సన్యాసిగా చేర్చేసుకున్నారు. ఇక జీవితాంతం సృష్టి ఘట్టం, ఈజిప్టు నుంచి బయటపడ్డ ఘట్టం, ఒకదాని తర్వాత ఒకటి, బళ్ళో హోంవర్కులా. ఆ పశువులు మళ్ళీ ఎవరి పాలయ్యాయో బీడ్ రాయలేదు. అప్పటికే పెద్దవయసు మనిషి. హాయిగా నిద్రపోనివ్వచ్చుగా!

అన్నం తిన్నాక, గిన్నెలు సర్దుతూ ఇంకోలా అనిపించింది. ఆ కలలో ఎవరున్నారు? అడిగినవాడు ఒక్కడు, చుట్టూ పశువులు. వరసగా కూర్చున్నవాళ్ళు లేరు, ఎదురుగా ఫోను లేదు. బీడ్ ఇంకో మాట రాశాడు. విన్నదంతా లోపల పెట్టుకుని, పశువు నెమరేసినట్టు నెమరేసి, తియ్యటి పాటగా తిరిగిచ్చేవాడట. లాటిన్‌లో ఆయన ఏ మాట వాడాడో గానీ, మనకిది పోలికలా కూడా అనిపించదు, రోజూ అనే మాటే. అంత పాడినా చివరికి మిగిలింది తొమ్మిది పాదాలు. మొదటి పాదంలో దేవుణ్ణి స్వర్గరాజ్యానికి కాపరి అన్నాడు. పాకలో పడుకున్నవాడికి ఇంకే మాట తోస్తుంది!

అప్పుడు గుర్తొచ్చింది. అమ్మమ్మ కూడా పేరంటాల్లో పాడేది కాదు. పాడమంటే పళ్ళెంలో పసుపు సర్దుతూ ఉండిపోయేది. కానీ తెల్లారుజామున సావిడిలో పాలు పితికేటప్పుడు కూనిరాగం తీసేది. మాటలుండవు, నాలుగు స్వరాలే అటూ ఇటూ. ఆవిడ ఊరికి వెళ్ళిన రోజు గేదె చేపేది కాదు. మా మామయ్య ఎంత బతిమాలినా పొదుగు బిగబట్టేది.

కాబట్టి నేనూ ఏ సావిడిలోనో... అని రాయబోయి ఆపాను. ఎందుకీ గొప్పలు! నా గొంతు బాగోదు. స్నానాల గదిలో కూడా బాగోదు. చిన్నప్పుడు జోలపాడితే చిన్నది లేచి ఏడ్చేది. విషయం అంతే, దీనికి ఏడో శతాబ్దం దాకా వెళ్ళక్కర్లేదు. నిన్నటి ఆవిడ కూడా మర్యాదకే అడిగి ఉంటుంది. ఫోనమ్మాయిని మాత్రం క్షమించను.

ఇది రాస్తుంటే మంచినీళ్ళకని అత్తయ్య లేచి వచ్చారు. "ఇంకా పడుకోలేదా? ఆ గొల్లవాడు చివరికేమయ్యాడే?" అన్నారు. చెప్పాను. పోయే రాత్రి, పెద్ద జబ్బేమీ కనపడకపోయినా, చావుకు దగ్గరైనవాళ్ళుండే గదిలో పక్క వేయించుకున్నాడు. అందరితోనూ కబుర్లు చెప్పి, నామీద ఎవరికైనా కోపముందా అని అడిగాడు. లేదన్నారు. సన్యాసులు లేచి ప్రార్థన పాడే వేళకి ఇంకెంతసేపుందని అడిగాడు. ఎంతోసేపు లేదన్నారు. సరే, అయితే ఆ వేళ కోసం ఎదురుచూద్దాం అని తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోయాడు, మరి లేవలేదు.

"పుణ్యాత్ముడు" అన్నారు అత్తయ్య. గ్లాసు సింకులో పెట్టి, "అన్నట్టు వచ్చే శుక్రవారం ఇంకో ఇంట్లో వ్రతం. వాట్సాప్‌లో పిలిచారు. వస్తామని చెప్పేశాను" అన్నారు.

"పాడమంటే?"

"గిన్నెలుంటాయిగా."