మోర్మన్ చర్చి వదిలాక మూడో బాప్తిస్మం తీసుకోమన్నారు: నా అనుభవం

పోయిన ఆదివారం మా ఊరి గుడిలో అమ్మ పక్కన నిలబడి బల్ల (ప్రభువు రొట్టె, ద్రాక్షరసం) తీసుకున్నాను. పదేళ్ల తర్వాత. ఇది ఇప్పుడే రాసెయ్యాలి. మధ్యలో జరిగిన ఒక సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఇంకో రెండు నెలలు పోతే పోనీలే అని దాన్ని మెత్తగా చేసి చెప్తానేమో.

మాది కడప జిల్లా, జమ్మలమడుగు వైపు పల్లె. అమ్మ నన్ను కన్నది జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో. మా వైపు గుళ్లు చాలావరకు లండన్ మిషన్ వాళ్ల కాలం నాటివి, 1947లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. నాకు నాలుగు నెలలప్పుడు అయ్యగారు, అంటే మా గుడి పాస్టరు, నెత్తిన నీళ్లు చల్లి బాప్తిస్మం ఇచ్చారు. పదహారేళ్లప్పుడు కన్ఫర్మేషన్, అంటే ఆ విశ్వాసాన్ని నా నోటితో ఒప్పుకోవడం, అది కూడా అయింది. తర్వాత చదువు, ఉద్యోగం, 2012లో హైదరాబాద్.

అదే ఏడాది హైదరాబాద్‌లో మోర్మన్లకు స్టేక్ ఏర్పడింది, ఇండియాలో అదే మొదటిది. వార్డు అంటే వాళ్ల స్థానిక సంఘం, స్టేక్ అంటే కొన్ని వార్డులు కలిపిన పెద్ద విభాగం. వాళ్ల అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. నా రూమ్మేట్ తీసుకెళ్లాడు. 2013లో నాకు డెంగీ వచ్చి ఆసుపత్రిలో పడితే మూడు రాత్రులు నా మంచం పక్కన కింద పడుకున్నది ఆ వార్డు మనుషులే. మావాళ్లు బస్సెక్కి వచ్చేలోపు గంజి తెచ్చింది వాళ్లే. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే కింద రాసినదంతా చదివి ఎవరైనా వాళ్లను దొంగలని అంటే నేను ఒప్పుకోను.

2014లో వాళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకున్నాను. చిన్నప్పుడే అయింది కదా అని అడిగితే అది చెల్లదన్నారు. అపొస్తలులు పోయాక దేవుని అధికారం భూమ్మీద లేకుండా పోయిందని, 1829లో వాళ్ల సంఘం మొదలుపెట్టిన జోసెఫ్ స్మిత్‌కు అది తిరిగి వచ్చిందని, ఆ యాజకత్వం ఉన్నవాళ్లు ముంచితేనే బాప్తిస్మమని వాళ్ల నమ్మకం. నేను సరేనన్నాను. అమ్మకు ఫోన్ చేసి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "నీకు నాలుగు నెలలప్పుడు నేను నిలబడి చెప్పిన మాటలు అబద్ధమా నాయనా" అంది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

తొమ్మిదేళ్లు నిజాయితీగా ఉన్నాను. జీతంలో దశమభాగం ఒక్క నెల తప్పలేదు. బైబిలుతో పాటు వాళ్లు లేఖనంగా నమ్మే మోర్మన్ గ్రంథం మొత్తం మూడుసార్లు చదివాను, ఆ వార్డులో పుట్టి పెరిగినవాళ్లలో కూడా అంతగా చదివినవాళ్లు తక్కువ. టీ, కాఫీ ముట్టలేదు, వాళ్లకు అది 1833 నుంచి ఉన్న నియమం. మా వైపు ఇంటికొచ్చినోడు టీ వద్దంటే మనసులో ఏదో పెట్టుకున్నాడనే అనుకుంటారు. అందుకని పండగలకు బంధువుల ఇళ్లకు వెళ్లడమే తగ్గించాను. ఆ తొమ్మిదేళ్లలో పోయిన మేనత్తలను, మామలను ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

వదలడానికి కారణం చాలామంది అనుకున్నట్టు చాలా పెళ్లిళ్ల సంగతి కాదు. దాన్ని వాళ్లు 1890లోనే ఆపుతున్నట్టు ప్రకటించారు, ఇప్పుడెవరైనా చేసుకుంటే సంఘంలోంచి తీసేస్తారు. నన్ను కదిలించింది మొదట వాళ్ల లేఖనాల్లోనే ఇంకోటైన అబ్రాహాము గ్రంథం. ఈజిప్టు పాపిరస్ చుట్టల నుంచి అనువాదం చేశానని జోసెఫ్ స్మిత్ చెప్పాడు. ఆ ముక్కలు కొన్ని 1967లో న్యూయార్క్ మ్యూజియంలో బయటపడ్డాయి. చదివిన పండితులు అవి శవాలతో పాటు పెట్టే మామూలు అంత్యక్రియల రాతలని తేల్చారు. ఇది విరోధులు చెప్పిన మాట కాదు, ఆ ముక్కల్లోని రాత ఆ గ్రంథంతో సరిపోలదని ఆ సంఘం వాళ్లే తమ వ్యాసంలో ఒప్పుకున్నారు, ఆత్మ ప్రేరణతో రాశాడని వివరణ ఇచ్చుకున్నారు. నేను ఆ వివరణతోనే ఇంకో ఏడాది నెట్టుకొచ్చాను.

2022లో నాయన పోయాడు. మూడు నెలల తర్వాత వార్డులో ఒక పెద్దాయన, ఎంతో ప్రేమగా, బెంగళూరు ఆలయం పూర్తయ్యాక మీ నాయన తరఫున నువ్వే బాప్తిస్మం తీసుకోవచ్చు అన్నాడు. అక్కడ ఆలయం కడతామని వాళ్లు 2018లో ప్రకటించారు, చనిపోయినవాళ్ల కోసం చేసే బాప్తిస్మం ఆలయంలో మాత్రమే జరుగుతుంది. ఆయన మంచికే చెప్పాడు. కానీ నా నాయన నలభై ఏళ్లు ప్రతి ఆదివారం తెల్లపంచె కట్టుకుని అందరికంటే ముందు వెళ్లి గుడి ఊడ్చిన మనిషి. ఆయన బాప్తిస్మం చెల్లదని, ఆయనకు నేను ఇంకోటి చేయించాలని అనగానే లోపల ఏదో తెగిపోయింది. ఇక అతకలేదు.

రాజీనామా తేలికే. సంతకం పెట్టిన కాగితం బిషప్‌కు ఇవ్వాలి, ఈమెయిల్ పనికిరాదు. నేరుగా అమెరికా ఆఫీసుకు పంపితే నోటరీ కూడా కావాలి. అక్కడ బిషప్ అంటే మనకు తెలిసిన డయాసిస్ బిషప్ కాదు, వార్డు పెద్ద, జీతం లేకుండా చేసే మామూలు ఉద్యోగస్తుడు. అప్పటికి నేను కడపకు వచ్చేశాను కాబట్టి స్పీడ్ పోస్టులో పంపాను. ఆయన ఫోన్ చేసి ఒక్కసారి ఆలోచించుకోమన్నాడు, ఆలోచించే రాశానంటే ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. కొన్ని వారాలకు పేరు తీసేశామని ఉత్తరం వచ్చింది. అయిపోయింది.

కష్టం తర్వాత మొదలైంది.

మా పిన్ని కొడుకు కడపలో ఒక పెద్ద స్వతంత్ర సంఘానికి వెళ్తాడు, పేరు రాయను. రేకుల షెడ్డు, పెద్ద స్పీకర్లు, ఆదివారం వెయ్యిమంది దాకా వస్తారు. పాటలు బాగుంటాయి, నాకు ఆ రెండు నెలలు నిజంగా ఊరటగా అనిపించింది. అప్పుడు పాస్టరు గారు గదిలోకి పిలిచి, నలుగురు పెద్దల ముందు కూర్చోబెట్టి, మొదట అడిగిన మాట: "మీవాళ్లలో ఒక్కొక్కడికి ఎందరు భార్యలప్పా?" నాకు పెళ్లి కాలేదండీ అన్నాను. నవ్వారు. 1890 సంగతి చెప్పబోతే వినలేదు. ఎంత డబ్బిచ్చారు, అమెరికా పంపుతామన్నారా, రహస్య ప్రమాణాలు ఏం చేయించారు. డబ్బు వాళ్లు నాకివ్వలేదు, నేనే ఇచ్చానన్నా ఎవరూ నమ్మలేదు.

వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. సాక్ష్యమంటే దేవుడు నాకు చేసింది చెప్పడం కదా అని ఒప్పుకున్నాను. అమ్మను కూడా రమ్మన్నాను. అమ్మ తెల్లవారుజామునే బయలుదేరి బస్సులో వచ్చింది, ముందు వరసలో కూర్చోబెట్టారు.

మైకు చేతికిచ్చారు. రెండు వాక్యాలు చెప్పానో లేదో పాస్టరు గారు మైకు తీసుకుని "ఈ తమ్ముడు పదేళ్లు సాతాను చేతిలో ఉన్నాడు" అని మొదలుపెట్టాడు. నాకు గంజి తెచ్చిన మనుషులు సాతాను దూతలట. తర్వాత నన్ను మోకాళ్లమీద కూర్చోబెట్టి, ఐదారుగురు తలమీద, భుజాలమీద చేతులేసి, దురాత్మ పోవాలని కేకలు. ఒకాయన నా తలను గట్టిగా వెనక్కి తోస్తున్నాడు, పడాలని. నేను పడలేదు. అంతా ఫోన్లలో లైవ్ వెళ్తోంది. ప్రొద్దుటూరులో మా మేనమామ చూశాడు, నా ఆఫీసు వాళ్లు చూశారు. ఆ పక్క సోమవారం ఒకడు ఆఫీసులో "దయ్యం పోయిందా బ్రో" అన్నాడు.

వచ్చేటప్పుడు మోర్మన్ గ్రంథం తెమ్మన్నారు, సంచిలో ఉంది. దాన్ని బయట అందరి ముందు కాల్చమన్నారు. నేను కాల్చనన్నాను. ఆ పుస్తకాన్ని ఇప్పుడు దేవుని వాక్యంగా నమ్మను, కానీ అందులో మొదటి పేజీలో నన్ను ఆసుపత్రిలో చూసుకున్న అన్న చేతిరాత ఉంది. షెడ్డంతా నిశ్శబ్దం. పాస్టరు గారు మైకులోనే "చూశారా, ఇంకా వదల్లేదు" అన్నాడు.

ఆఖరిది అన్నిటికంటే ఘోరం. వచ్చే శనివారం కేసీ కెనాల్‌లో నీకు బాప్తిస్మం, మోర్మన్లది చెల్లదు అన్నాడు. సరే. అంతటితో ఆగకుండా, అమ్మ వైపు చెయ్యి చూపించి, "చిన్నప్పుడు చిలకరించిందీ చెల్లదు, తెలియక చేశారు తల్లులు" అన్నాడు. అమ్మ తల వంచుకుంది. వెయ్యిమంది ముందు. పదేళ్ల కింద ఫోన్లో నేను అమ్మకు చెప్పిన మాట అదే. నేను లేచి, అమ్మ చెయ్యి పట్టుకుని, చెప్పుల దగ్గరికి నడిచాను. వెనక స్తోత్రాలు వినిపిస్తున్నాయి.

బస్టాండు దాకా అమ్మ మాట్లాడలేదు. అక్కడ హోటల్లో రెండు టీలు చెప్పాను. అమ్మ నా గ్లాసు వైపు చూసింది. తాగాను.

పాస్టర్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. దెబ్బ తిని వచ్చినవాడిని స్టేజీ ఎక్కించకండి. వాడి పాత సంఘం తప్పుదే కావచ్చు, ఆ మనుషుల మీద ప్రేమ తప్పు కాదు. వాడిని కెమెరా ముందు పెట్టి మీ బలం చూపించుకుంటే ఆ వారం కానుకలు పెరుగుతాయేమో, కానీ ఆ మనిషి ఇంకే గుడి మెట్టూ ఎక్కడు. నేను మూడు నెలలు ఎక్కడికీ వెళ్లలేదు. వెతుక్కునే వాళ్లకూ చెప్తున్నా: కొత్త సంఘంలో మొదటి నెల మీ కథ ఎవరికీ చెప్పొద్దు, వెనక వరసలో కూర్చోండి, ఫోన్ నంబరు ఇవ్వొద్దు. లైవ్ పెట్టే చోట అసలు నోరు విప్పొద్దు.

తర్వాత ఒక సాయంత్రం మరియాపురంలో కేథలిక్ కేథడ్రల్ ముందు నుంచి పోతూ లోపలికి వెళ్లాను. ఒక ఫాదర్ గారు గంటసేపు విన్నారు, మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. అప్పుడు ఆయన చెప్పింది నాకు కళ్లు తెరిపించింది. మోర్మన్లు ఇచ్చే జ్ఞానస్నానం (బాప్తిస్మాన్ని కేథలిక్కులు అలా అంటారు) చెల్లదని రోము 2001లోనే తేల్చిందట. మాటలు అవే కదా, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమునే కదా ముంచారు అని అడిగాను. మాటలు అవే, అర్థం వేరు అన్నారు. నిజమే, మోర్మన్ బోధలో తండ్రికి మనలాగే మాంసం, ఎముకలు ఉన్న శరీరం ఉంటుంది, ముగ్గురూ విడివిడిగా ఉన్నవాళ్లు, ముగ్గురూ కలిసి ఒకే దేవుడనే త్రిత్వం వాళ్లు నమ్మరు. నేను తొమ్మిదేళ్లు చదివినా ఈ తేడాను ఇంత సూటిగా ఎప్పుడూ చూడలేదు. తర్వాత ఆయన అడిగారు: "చిన్నప్పుడు సీఎస్ఐలో అయిందన్నావు కదా? నీళ్లతో, త్రిత్వ నామంలో అయితే అది మేమూ ఒప్పుకుంటాం. ఒకసారి అయింది మళ్లీ ఇవ్వరు. సర్టిఫికెట్ ఉందా?"

నేను కేథలిక్ అవుదామని వెళ్లలేదు, అవలేదు కూడా. కానీ అమ్మ నిలబడి చెప్పిన మాటలు చెల్లుతాయని మొదట నాతో అన్నది ఆయనే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సర్టిఫికెట్ ఇంట్లో లేదు. పల్లెలో ఉపదేశి (గుడిలో పాస్టరుకు సాయంగా ఉండే పెద్ద) తాత దగ్గర పాత రిజిస్టర్లు ఉంటాయని అమ్మ అంది. ఆయనకు ఎనభై దాటాయి, చూపు తక్కువ. ఇనుప పెట్టె తీసి నా ముందు పెట్టాడు, నువ్వే వెతుక్కో అన్నాడు. చెదలు కొంత తిన్నాయి, రెండు గంటలు పట్టింది. 1990 పేజీలో నా పేరు, తేదీ, అమ్మ పేరు, ఇచ్చిన అయ్యగారి సంతకం. తండ్రి అనే చోట నాయన వేలిముద్ర. నాయనకు చదువు రాదు. ఆ ముద్ర మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను, తాత ఏమీ అడగలేదు.

ఇప్పుడున్న అయ్యగారి దగ్గర మిగతాది ఒక్క వారంలో అయింది. రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి మాట్లాడారు, విశ్వాస ప్రమాణం ఒక్కో మాటా చదివించి నమ్ముతున్నావా అని అడిగారు, ఎఫెసీ 4:5 చూపించి బాప్తిస్మం ఒక్కటే అన్నారు. కొత్త నీళ్లు లేవు, స్టేజీ లేదు. కమిటీలో చెప్పి పేరు మళ్లీ రాశారు. అంతే.

ఆదివారం మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఆ బిషప్ అన్నకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఆగి, "అమ్మ సంతోషంగా ఉన్నారా?" అన్నాడు. ఉందన్నాను. వచ్చే నెల పిల్లలతో గండికోట చూడటానికి వస్తున్నామన్నాడు, మా ఇంట్లోనే దిగమన్నాను. అమ్మకు చెప్తే అప్పుడే లెక్కలు మొదలుపెట్టింది, సంగటి, నాటుకోడి, ఎంతమంది పిల్లలు అని. తర్వాత గుర్తొచ్చి, "వాళ్లు టీ తాగరు కదా నాయనా, పొద్దున్నే మజ్జిగ చిలికి పెడతాలే" అంది.